తెర తాడు దగ్గర మనిషి

ఆ పాత ఒపెరా హౌస్‌లో పొద్దుపోయాక ఒంటరిగా ఉండకూడదని చెప్పుకునేవారు. స్టేజీ పక్కన చీకట్లో ఎవరో తాడు లాగుతారట... తాడే లేని చోట.

ఒకప్పుడు దొరలూ దొరసానులూ కార్లు దిగి పాట వినడానికొచ్చిన హాలు అది. దొరలు వెళ్లాక చైనా నాటకాలు, తర్వాత సినిమాలు, ఆ తర్వాత తాళం. తొంభైతొమ్మిదిలో ఓ కంప్యూటర్ కంపెనీ అద్దెకు తీసుకుని, కుర్చీలు పీకించి, స్టేజీ మీద సర్వర్లు పెట్టింది.

సరయు అందులో చేరి మూడు నెలలైంది. గుంటూరమ్మాయి, ఈ పరాయి దేశంలో బూన్ లే అనే పేటలో అద్దె గది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని రాత్రింబవళ్లు పని. ఆ రాత్రి తోడున్నాయన మకాన్‌కని, అదే తిండికని, బయటికెళ్లాడు.

సర్ర్... సర్ర్...

అరచేతులు ఒరుసుకుంటున్న చప్పుడు.

సరయు కుర్చీలోంచి లేచింది. పారిపోదామంటే తలుపు అటువైపే. టార్చి వేసింది—

గోడవారగా ఓ ముసలాయన. చేతులు రెండూ పైకెత్తి, లేని తాడును బిగబట్టి నిలబడ్డాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

"అమ్మో..." అంది సరయు లోగొంతుకతో.

ఆయన తల తిప్పాడు. "ఆట అయిపోనాదా అమ్మా?"

తెలుగు.

"ఏ ఆట, తాతగారూ?"

"తాడొదిల్తే తెర పడిపోద్ది. ఈరమ్మకి నొప్పులని కబురొచ్చినాది... ఆట అయ్యేదాకా కదలొద్దన్నాడు దొర."

ఆ చేతులు ఎంతసేపటినుంచి అలా ఉన్నాయో, వణికిపోతున్నాయి. సరయు భయం ఎటు పోయిందో పోయింది.

"అయిపోయింది," అంది మెల్లగా. "దించెయ్యండి."

ఆయన ఒక చేతి తర్వాత ఒక చెయ్యి, జాగ్రత్తగా, తెర దించాడు.

అప్పుడే ఆయన వెనక తలుపు తోసుకుని యాభై దాటిన ఆవిడ రొప్పుతూ వచ్చింది. "సారీ అమ్మా. మా నాన్న, పైడిరాజు. ఇక్కడ తెర లాగేవాడు. ఇప్పుడు మతి నిలవడంలేదు. పక్క బ్లాకే మాది, పాత తాళంచెవితో వచ్చేస్తాడు. నా పేరు తారాదేవి."

ముసలాయన కూతుర్ని గుర్తుపట్టలేదు. "ఈరమ్మకెలాగుంది?" అనడిగాడు.

తారాదేవి ఆయన చేతులు పట్టుకుంది. "బాగుంది. ఆడపిల్ల పుట్టింది."

"తల్లీ... పిల్లా?"

"ఇద్దరూ బాగున్నారు."

ఆయన మొహం విచ్చుకుంది. గబగబా తలుపువైపు నడిచాడు.

వెళ్తూ తారాదేవి సరయు దగ్గర ఆగి, గొంతు తగ్గించింది. "ఆ పిల్ల నేనే. ఆట అయ్యి ఈయన ఇల్లు చేరేసరికి మా అమ్మ ప్రాణాలతో లేదు... వచ్చినప్పుడల్లా ఇలాగే చెబుతాను. ఇంటి గుమ్మందాకా సంతోషంగా నడుస్తాడు."