సగంలో ఆగిన లెన్స్

“కెమెరా మన చేతికొస్తోంది.”

ఇయర్‌పీస్‌లో భార్య గొంతు వినగానే ఏజెంట్ గద్ద టీ గ్లాసు కింద పెట్టాడు. పెళ్లై నెల కాలేదు. ఆ గొంతు ఆపరేషన్ వివరాలు చదివినా అతనికి పాటలాగే వినిపిస్తుంది.

“ముత్యం తెస్తోంది. విదేశీ ముఠా మొహాలన్నీ అందులో ఉన్నాయట. లెన్స్ ఇరుక్కుపోయి ఫోటోలు కనబడటం లేదు. నువ్వు బాగుచేస్తే ముఠా మన గుప్పిట్లో ఉన్నట్టే.”

“బాగుచేస్తే నాకేమిస్తావు?”

“లైన్లో నాన్న కూడా ఉన్నారు.”

గద్ద గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో మామయ్య, డ్యూటీలో చీఫ్. ఇద్దరూ ఒకే మనిషి కావడం అతని ఉద్యోగంలోకెల్లా పెద్ద ప్రమాదం.

నీలం ఏప్రన్, అంటించిన మీసం, చుట్టూ విప్పేసిన కెమెరాలు. పైకి అది రిపేరు షాపు. వెనక గదిలో ట్రాన్స్‌మిటర్ ముందు అతని భార్య.

తలుపు తెరుచుకుంది. నల్ల కళ్లద్దాలు, మెడలో ముత్యాల దండ. ముఠాలో ఉంటూ తమకోసం పనిచేస్తున్న డబుల్ ఏజెంట్, ముత్యం.

“వారంటీ ఉందా?”

“వాన పడేదాకా.”

కోడ్ సరిపోయింది. ఆమె చిన్న డిజిటల్ కెమెరా కౌంటర్ మీద పెట్టింది. లెన్స్ సగం బయటికొచ్చి, కాస్త ఒరిగి ఆగిపోయి ఉంది. బటన్ నొక్కితే కిర్రుమంది. మూడు బీప్‌లు, తెర చీకటి.

“ఇసుక పడింది. త్వరగా కానివ్వు. మీ చీఫ్ బయల్దేరారు, ఆయనకే చూపించాలి.”

గద్ద లెన్స్‌ను కిందికి వంచి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. పలచటి కాగితం ముక్కను లెన్స్ చుట్టూ సందులో మెల్లగా జరిపాడు. తెల్లగుడ్డ మీద ఇసుక రాలింది. అతనికి అదో చిన్న పండగ.

కెమెరాను వెలుతురుకు తిప్పాడు. ముత్యం ఎడమకు జరిగింది. ఎడమకు తిప్పాడు. ఆమె కుడికి వచ్చింది.

లెన్స్ ఎటు చూస్తే ఆమె అటు ఉండటం లేదు.

భూతద్దం పెట్టి చూశాడు. ఫ్లాష్ ఉండాల్సిన చోట సన్నటి గొట్టం, లోపల సూది. లెన్స్ పూర్తిగా బయటికొస్తే స్ప్రింగు విడి సూది దూసుకొస్తుంది. ఫోటోల మాట వట్టిది. ఎవరికీ మొహం చూపించని చీఫ్‌ను బయటికి రప్పించడానికి వేసిన ఎర.

ముత్యం చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది, కళ్లు అతని పెదాల మీద ఉన్నాయి. ఒక్క మాట అన్నా అయిపోతుంది. బయట కారు ఆగింది.

అతను కాగితాన్ని మడిచి, అదే సందులోకి బిగించి, బయటికి కనిపించే అంచు బ్లేడుతో కోసేశాడు.

“అయిపోయింది మేడమ్. ఒకసారి టెస్ట్ చేయనా?”

“వద్దు.”

చాలా తొందరగా అంది.

చీఫ్ బట్టతల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. “ఏవయ్యా, అయిందా?”

“అయింది సార్.”

“ముందు మీదో ఫోటో సార్,” అంటూ ముత్యం కెమెరా అందుకుంది. “ఇటు వెలుతురులోకి రండి.”

బయట ఎవరికీ మొహం చూపించకపోయినా, ఫోటో అంటే చీఫ్‌కు సరదా. కాలరు సర్దుకుని నిలబడ్డాడు. లెన్స్ సరిగ్గా అతని గొంతుకు ఎదురుగా ఉంది. ఆమె బటన్ నొక్కింది.

లెన్స్ కదిలింది. కాస్త ముందుకు. ఇంకాస్త.

కిర్రు. మూడు బీప్‌లు. తెర చీకటి.

రెండోసారి నొక్కబోయే వేలిని గద్ద పట్టుకుని వెనక్కి విరిచాడు. కెమెరా అతని రెండో చేతిలో పడింది. అలికిడికి వెనక గదిలోంచి భార్య పిస్టల్‌తో, బేడీలతో వచ్చేసింది.

“బాగుచేశానన్నావు,” అంది ముత్యం పళ్లు కొరుకుతూ.

“చేశాను మేడమ్. ఆ తర్వాత చెడగొట్టాను. రెండోదే కష్టమైంది.”

కాపలా మనుషులొచ్చి ముత్యాన్ని తీసుకెళ్లాక చీఫ్ స్టూలు మీద కూలబడి గ్లాసుడు నీళ్లు తాగాడు. భూతద్దంలో సూదిని చాలాసేపు చూశాడు.

“మీ పెళ్లయ్యాక మనం ముగ్గురం కలిసి ఒక్క ఫోటో దిగలేదమ్మా.”

“ఇప్పుడే దిగుదామా నాన్నా?”

“వద్దు తల్లీ. రేపు పొద్దున్న ఇద్దరూ ఇంటికి రండి. బొమ్మలు గీసే ఆయన్ని పిలుస్తున్నాను. కుంచెలు మాత్రం అల్లుడుగారు ముందే తనిఖీ చేయాలి.”