తిజానీ పేరున ఉన్న తలుపు

మా ఊరు నాబుల్‌లో నారింజ పూలు వసంతంలో కొద్ది రోజులే ఉంటాయి. కోసిన పువ్వు ఆ పూటే కుండలోకి వెళ్ళాలి. మాది పూలనీరు తీసే బట్టీ. రాగి కుండ నిండా పువ్వులు, కింద సన్నని మంట, పైన వంగిన గొట్టం, దాని చివర గాజు కూజాలోకి చుక్క... చుక్క... ఆ చప్పుడు వింటూనే కాపురం చేశాను, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

చుక్కలు పడుతున్నంతసేపూ కుండ దగ్గర ఎవరూ నోరు విప్పరు. మా మామగారి నాటి నియమం. మా ఆయన తిజానీ చెప్పాల్సిందంతా వేలి ఉంగరంతో రాగి మీద కొట్టి చెప్పేవాడు. ఒక దెబ్బ కొడితే మంట తగ్గించాలి. రెండు కొడితే పువ్వు తేవాలి. మూడు కొట్టాడంటే ఎక్కడో తలుపు తెరిచి ఉంది, గాలి వస్తోంది, చూడమని. విన్నామనడానికి మేమూ ఒక దెబ్బ తిరిగి కొట్టేవాళ్ళం.

చలికాలంలో ఆయన పోయాడు. పోయినవాళ్ళ గదికి నలభయ్యో రోజుదాకా మా ఇంట్లో గడియ పెట్టం. అది దాటాక గడియ పెట్టాం, ఆయన తలముసుగున్న ఉన్ని బుర్నూసు మడిచి పెట్టెలో దాచాం. కంప్యూటర్లో మాత్రం ఆయన పేరు అలాగే ఉండిపోయింది. వ్యాపారం చూసుకునే మా అమ్మాయి ఇన్సాఫ్‌కి దాన్ని తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్తాను. కంప్యూటర్లో పేరంటే వట్టి పేరు కాదు, అదొక తలుపు. తాళంచెవి దొరికితే ఎవడైనా లోపలికి రావచ్చు, ఆ పేరుగల మనిషి ఉన్నాడా పోయాడా అని తలుపు అడగదు.

ఆ మధ్యాహ్నం ఎడారి గాలి లేచింది. ఆకాశం పసుపు రంగుకి తిరిగి, చూస్తుండగానే చీకటి పడినట్టయింది. పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. కిటికీలన్నీ బిగించాం. వేడి దుమ్ము వాసన, పువ్వుల వాసన కలిసి గొంతులో అడ్డం పడుతున్నాయి. ముందుగదిలో కంప్యూటర్ ముందు నేనూ ఇన్సాఫూ. తెర వెనక గదిలో కుండ. చుక్క... చుక్క...

"అమ్మా... ఇటు చూడు."

ఎవరు లోపలికొచ్చి పని చేస్తుంటే వాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. తిజానీ పేరు పక్కన వెలిగింది.

చూస్తుండగానే మా కాగితాల పేర్లు ఒక్కొక్కటే అర్థంకాని గుర్తులైపోతున్నాయి. ఎవరో ఇంట్లో దీపాలు వరసగా ఆర్పుకుంటూ మా వైపే వస్తున్నట్టు...

"దొంగ. ఇంకా లోపలి అర చేరలేదు," అని గొణిగింది ఇన్సాఫ్. "ఈ ఏటి ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి. అవీ పోతే బట్టీ మూసుకోవడమే. ఆ అర తాళం తీసే అంకెలు నీ ఫోన్‌కి వస్తాయి. ఎవరడిగినా చెప్పకు."

నా ఫోన్ కదిలింది. అంకెలు. వెంటనే మోగింది. ఫోన్ మీద తిజానీ పేరు.

"మన్నూబా..."

ఆయన గొంతే. మాట చివర ఆ చిన్న దగ్గుతో సహా.

"కుండ దగ్గరే ఉన్నాను. చేతులు ఖాళీ లేవు. ఆ అంకెలేవో చెప్పు."

తెర వైపు చూశాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. తెర కదిలింది.

చుక్క... చుక్క...

"చెప్పవేం, మన్నూబా?"

మొదటి అంకె నాలుక చివరికొచ్చింది. ఇన్సాఫ్ తల అడ్డంగా ఊపుతోంది. అప్పుడు తట్టింది. కుండ దగ్గర... చుక్కలు పడుతుండగా... మాట్లాడుతున్నాడు!

భయం ఎటు పోయిందో, ఒళ్ళు మండిపోయింది.

"ఎవడివిరా నువ్వు? కుండ పక్కనుంటే నా మొగుడు నోరు విప్పేవాడే కాదు! పోయినవాడి గొంతు తొడుక్కుని వస్తావా, సిగ్గులేదూ? అంకెలు కావాలా? రా, ఒకట్లనుంచి ఎక్కాలు చెప్పిస్తా!"

అవతల అదే గొంతు, మెల్లగా.

"పోయాడా...?"

ఫోన్ ఆగిపోయింది.

ఇన్సాఫ్ ఇంటర్నెట్ తీగ పీకేసింది. "పండక్కి నాన్న మాట్లాడింది రికార్డు చేసి దుకాణం పేజీలో పెట్టాంగా. అందులోంచి గొంతు అల్లారు, నాన్న నంబరు నుంచే వచ్చినట్టు చూపించారు," అంది. రోజూ పని అయ్యాక అన్నిటికీ నకలు తీసి, ఆ డిస్కు వంటింట్లో కుస్‌కుస్ రవ్వ డబ్బాలో దాస్తుంది. నేను నవ్వేదాన్ని. కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి, ఆ డిస్కులోంచే ఆర్డర్లన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. వాటితోపాటు తిజానీ పేరూ వచ్చింది. దాని దగ్గర ఇన్సాఫ్ వేలు ఆగింది.

"తీసెయ్ తల్లీ. మీ నాన్న అందులో లేడు."

నొక్కింది. కంప్యూటర్ ఆర్పేసింది.

"హమ్మయ్య! ఇక అన్ని తలుపులూ మూసేశాం," అంది.

కుండగది తెర వెనకనించి... టంగ్.

టంగ్.

టంగ్.

ఇన్సాఫ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన పోయినప్పటినుంచి ఆయన ఉంగరం నా ఆ చేతి వేలికే ఉంది.

తెర తీసి లోపలికెళ్ళాను. ఎవరూ లేరు. కిటికీలు, వెనక తలుపు, ప్రతి గడియా లాగి చూశాను. అన్నీ బిగించే ఉన్నాయి. చుక్కలు ఇంకా పడుతున్నాయి కాబట్టి నోటితో అనలేదు. విన్నాం, ఆ తెరిచిన తలుపు వెతుకుతాం, దొరికేదాకా వదలం అని మనసులో అనుకుని, ఆ ఉంగరంతోనే రాగి మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టాను.

జవాబుగా మూడు దెబ్బలు వినిపించాయి. ఈసారి కుండలోంచి కాదు... నా వెనక, ముందుగదిలో, ఆర్పేసిన కంప్యూటర్లోంచి.