రెండో తాళంచెవి

లేవి పరుగెత్తుతున్నాడు.

ఎడమ భుజం నుంచి రక్తం... చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

వెనకాల బూట్ల చప్పుడు. దగ్గరవుతోంది!

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. బేతంచెర్ల గనుల మధ్య దారి నాపరాతి పొడితో తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద తను నల్లగా కనిపిస్తాడు. అదే భయం.

కాసేపటి క్రితం గని మేస్త్రీ బసవన్న ఆ పొడిలోనే కూలిపోయాడు. కాల్చింది గని యజమాని కొడుకు నరసింహ. చూసింది లేవి ఒక్కడే.

ఆఖరి తూటా గుళ్లు లేవి భుజంలో దిగాయి. ఇప్పుడు నరసింహ తుపాకి ఖాళీ.

కానీ ఎంతసేపు?

స్టేషన్ రోడ్డు మలుపు. బావ దుకాణం. తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

బావ ప్రేమయ్య గనులకు పేలుడుమందు, లైసెన్సు ఉన్నవాళ్లకు తూటాలు అమ్ముతాడు. అక్క రాహేలమ్మది కొత్త కాపురం. బల్ల దగ్గర నిలబడి బనగానపల్లె మామిడిపండు కోస్తోంది. రిజిస్టరు మీద రసం పడుతుందని మొగుడు గోల పెడుతుంటే నవ్వుతోంది.

నవ్వు ఆగిపోయింది.

"ఎవర్రా కాల్చింది?" అంది అక్క.

"నరసింహ. బసవన్నను సంపినాడక్కా. నేను చూసినా. వెనకాలే వస్తాండాడు."

"బల్ల కిందికి దూరు," అన్నాడు ప్రేమయ్య. "ఊపిరి కూడా ఇనపడకూడదు."

దూరాడు. పక్కన మందు పీపాలు. ముక్కు నిండా ఘాటు.

బూట్లు గడప దగ్గర ఆగాయి.

నేల మీద రక్తపు చుక్కలు!

రాహేలమ్మ మోచెయ్యి కదిలింది. ఎర్రసిరా బుడ్డి కింద పడి భళ్లుమంది.

"ఏం ప్రేమయ్యా... కొత్త పెండ్లాం అప్పుడే దుకాణం పగలగొడతాందే?"

"సిరా ఒలికిందప్పా. అడుగు సూసి పెట్టండి."

"రెండు తూటాలియ్యి. తొందరగా."

"ఎందుకని రాయాలప్పా?"

"అడవిపందికి. స్టేషన్ దిక్కు పోయింది. రైలు వచ్చేలోపల పట్టాల."

ఆ పంది తనే.

లైసెన్సు కాగితం బల్ల మీద పడింది. అమ్మే ప్రతి తూటా కొన్నవాడి చేతికి పోకముందే రిజిస్టరుకెక్కాలి. తప్పితే దుకాణం మూత, ప్రేమయ్యకు జైలు. పేరు... తండ్రి పేరు... లైసెన్సు నంబరు... కలం నింపాదిగా గీరుతోంది.

"పన్నెండు బోరు, ఒంటిగొట్టమే కదప్పా?"

"తెలిసిందే అడుగుతావు. రాసి సావు."

అక్క పాదాలు అల్మరా వైపు కదిలాయి. తాళంచెవి తిరిగింది.

పన్నెండు బోరు పెట్టె. అంటే పేలే తూటా.

ఆ వెంటనే ఇంకో తాళంచెవి తిరిగింది.

అది ఇరవై బోరు పెట్టె!

పెండ్లైన వారానికే అక్క చెప్పి తెగ నవ్వింది. "మీ బావ నాకు మొదట నేర్పింది ముద్దుమాటలు కాదురా, ఇరవై బోరు తూటా! అంకె పెద్దదైనా అది సన్నం. పన్నెండు బోరు గొట్టంలో వేస్తే లోపలికి జారి ఇరుక్కుంటాది, పేలదు. తెలీక దాని వెనక సరైంది పెట్టి కాలిస్తే తుపాకే పగుల్తాది. అందుకే రెండు పెట్టెలు, రెండు తాళాలు. తాళంచెవులకు నేను రెండు రంగుల రిబ్బన్లు కట్టినా."

బల్ల మీద రెండు చిన్న చప్పుళ్లు, ఒకటి నరసింహ వైపు అంచున, ఇంకోటి కాస్త వెనక.

కలం ఆగింది. ఒక్క క్షణం... మళ్లీ గీరింది.

"రాసింది సదువుకొని సంతకం పెట్టండప్పా."

"రైలు పోయినాక సదువుతాలే. యాడ పెట్టాల?"

"ఈడ."

తుపాకి గొట్టం విరిచి తెరిచిన చప్పుడు. తొందరలో, దగ్గరున్న తూటా లోపలికి. మూసిన చప్పుడు. రెండోది జేబులోకి. బూట్లు గడప దాటుతున్నాయి...

మందు ఘాటు. ముక్కు మూసుకున్నాడు. ఆగలేదు.

తుమ్మాడు!

బూట్లు ఆగాయి.

లేవి పెరటి తలుపు తోసుకుని బయటికి దూకాడు. నాపరాళ్ల దొడ్డి. మూడు వైపులా నిలువెత్తు బండలు. నాలుగో వైపు నరసింహ.

గొట్టం లేచింది.

టక్.

పేలలేదు.

నరసింహ తుపాకి విరిచి చూశాడు. చీకట్లో ఖాళీగా కనిపించింది. జారిపోయిందనుకున్నాడేమో, తిట్టుకుంటూ జేబులోంచి రెండోది తీశాడు.

లేవికి తెలుసు. నోరు మూసుకుంటే చాలు. బతికిపోతాడు.

నోరు మూతపడలేదు.

"వద్దప్పా! కాల్చొద్దు..."

నరసింహ నవ్వాడు. "పానమంటే శానా తీపి గదరా."

"నా పానం కాదప్పా, నీ—"

పేలింది!

బండలు మోగాయి. పొగ విడిపోయేసరికి లేవి నిలబడే ఉన్నాడు. నరసింహ పడి ఉన్నాడు, గొట్టం చీలిపోయిన తుపాకి పక్కన. కదల్లేదు.

లోపల రాహేలమ్మ గోడకు ఆనుకుని ఉంది. రిజిస్టరు తెరిచే ఉంది.

ఇరవై బోరు ఒకటి. పన్నెండు బోరు ఒకటి. కింద నరసింహ సంతకం.

"ఆ ఇరవై కొట్టేయండి," అంది ఆమె. "పన్నెండని దిద్దండి. పోలీసోళ్లు ఇది సూస్తే..."

"రాసినాక దిద్దకూడదు, రాహేలూ."

"ఇచ్చింది నేను గదా."

"రాసింది నేను."

అమ్మినవాడి సంతకం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

అక్కడ తన పేరు పెట్టడానికి ప్రేమయ్య కలం సిరాలో ముంచాడు.