ఆర్నెల్ల కారు

“నేను చెయ్యలేదని రుజువు చెయ్యమని రాలేదండీ. నేనే చేశానేమో కనుక్కోమని వచ్చాను.”

ఆ మాట వినగానే టైపిస్టు వేళ్లు మిషను మీదే ఆగిపోయాయి. ఈ డిటెక్టివ్ ఆఫీసులో చేరినప్పటి నుంచి ఏడుస్తూ వచ్చినవాళ్లని చూసింది, అరుస్తూ వచ్చినవాళ్లని చూసింది. తన మీద తనకే అనుమానం వచ్చి గడప తొక్కిన మనిషిని చూడటం ఇదే మొదలు. వచ్చినావిడ రిటైరైన నర్సు. తడి గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, బట్టలు తడుస్తున్నాయన్న ధ్యాస కూడా లేదు.

డిటెక్టివ్‌ని ఊరంతా నిదానం గారనే పిలుస్తుంది. ఇల్లు కాలుతున్నా చెప్పులు వెతుక్కునిగానీ బయటికి రాడని గిట్టనివాళ్లు అంటారు. టైపిస్టు మాత్రం ఆయన్ని ఎవర్నీ ఒక్క మాట అననివ్వదు. ఆయన మంచినీళ్ల గ్లాసు నర్సమ్మ ముందుకు జరిపి, తొందరేం లేదు, మొదటి నుంచి చెప్పమన్నాడు.

ఆవిడది రెండు పడవల మీద కాళ్లు పెట్టిన బతుకు. ఏడాదిలో ఆర్నెల్లు వేరే దేశంలో భర్త దగ్గర, ఆర్నెల్లు ఇక్కడ అక్క దగ్గర. అక్కకు పిల్లల్లేరు, మతిమరుపు జబ్బు. ఆవిడుండే వృద్ధాశ్రమం ఊరి చివర, బస్సు పోని చోట. అందుకని రెండేళ్ల కిందట నర్సమ్మ ఒక పాత కారు బేరమాడింది. కొనడం ఎంతసేపు! రిజిస్ట్రేషనే, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని బాపతు. ఆర్నెల్లుండి పోయేవాళ్ల పేరున బండి రాయాలంటే ఇక్కడే స్థిరంగా ఉండే మనిషి హామీ పడాలి, తన అడ్రసు ఇవ్వాలి. ఆవిడ అద్దెకుండే పైవాటా ఇంటి యజమాని, రిటైరైన స్కూలు మాస్టారు, అడిగిందే తడవుగా సంతకం పెట్టాడు. కాయితాలు కదిలేలోగా ఆవిడ ఉండాల్సిన గడువే తీరిపోయింది. మనిషి ఉండగా కారు రాలేదు, కారు వచ్చేసరికి మనిషి లేదు. బేరం కుదిర్చిన బ్రోకరు బండి తెచ్చి మాస్టారికి అప్పగించాడు, ఆవిడ తిరిగొచ్చాక మాస్టారు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

వెళ్లేటప్పుడల్లా బ్యాటరీ తీగ ఊడదీసి, షెడ్డుకు తాళం వేసి పోవడం ఆవిడ అలవాటు. ఈసారి అక్క అన్నం ముట్టడం లేదని ఆశ్రమం నుంచి ఫోన్ వస్తే, ఎవరికీ చెప్పకుండా ముందే వచ్చేసింది. మధ్యాహ్నం దిగింది. ప్రయాణం బడలిక, పైగా నిద్రమాత్ర. మర్నాడు తెల్లవారేదాకా ఒళ్లు తెలియలేదు. ఆ సాయంత్రమే, వానలో, ఇళ్లకు పేపరు వేసే పెద్దాయన్ని ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. పక్కనున్న కొట్టువాడు నంబరు చూశాడు. అది నర్సమ్మ కారు నంబరు. పోలీసులొచ్చి షెడ్డు తెరిస్తే ముందు దీపం పగిలి ఉంది, బ్యాటరీ తీగ తగిలించి ఉంది.

“మర్నాడు పొద్దున మాస్టారు గారు పాలు తీసుకొచ్చి ఇచ్చి, నిన్న సాయంత్రం చెయ్యి ఊపితే చూసుకోకుండా వెళ్లిపోయారేం అన్నారండీ. నేను స్టీరింగు ముందు కూర్చుని ఉండటం కళ్లారా చూశారట. రోజూ పాలు తెస్తారు, పాపం. రోజూ అడుగుతారు, ఏమైనా గుర్తొచ్చిందా అని.” నర్సమ్మ ఒళ్లోని గొడుగు వంక చూసుకుంది. “మా అక్కకీ ఇలాగే మొదలైంది.”

టైపిస్టుకు అప్పుడర్థమైంది. ఈ మనిషికి జైలు భయం కాదు, తన తలకాయంటేనే భయం. పోలీసులు పాస్‌పోర్టు పట్టుకుపోయారు. కేసు పడితే ఆవిడను మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు, అక్కకు దిక్కుండదు.

నిదానం గారు అడిగిన ప్రశ్నలు మాత్రం కేసుతో సంబంధం లేనట్టే ఉన్నాయి. ఆశ్రమం ముందు కారాపి ఏం చేస్తారు? భర్తకు ఫోన్ చేస్తానందావిడ. అక్కడ టైమెంతైందో ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్నకు ఆ ఏడుపు మొహంలోనే ఒక చిన్న నవ్వు పుట్టింది.

“చేతి గడియారం ఇక్కడిదండీ, కారు గడియారం ఆయనది. బ్యాటరీ తగిలించగానే ముందు అదే తిప్పుతాను. నన్ను కారులో కట్టేసుకు తిరుగుతున్నావంటారు మా ఆయన.”

మాస్టారి ఇల్లు వీధి మలుపులో, మొక్కలు ముసిరి చీకటిగా ఉంది. గేటు చప్పుడుకు వసారాలో కుర్చీలోంచి మాస్టారు లేచి, “ఎవరు బాబూ?” అన్నాడు. ముందు నడుస్తున్నది టైపిస్టు. ఆవిడ నోరు తెరిచేసరికి, అయ్యో అమ్మాయా, ఏమనుకోకమ్మా అన్నాడు. జడ ఇంత పొడుగున ముందుకు వేసుకుంటే బాబూ ఏమిటి, నా ఖర్మ అనుకుని ఆమె మూతి ముడుచుకుంది.

మాస్టారు పెద్దమనిషే. లోపల కూర్చోబెట్టి మాట్లాడాడు. నర్సమ్మ మీద ఈగ వాలనివ్వడు. ఏం చేస్తాం, జబ్బు వంశంలోనే ఉంది, కోర్టు కూడా జాలి చూపిస్తుంది, ఒప్పుకుంటేనే మంచిదని ఆయన మెత్తగా చెప్తుంటే ఆ మెత్తదనమే టైపిస్టుకు నచ్చలేదు. గోడ గడియారం గంట కొట్టింది. ఆమె తన వాచీ చూసుకుని కంగారుపడింది. ఆగిపోయిందా ఏమిటి?

మాస్టారు నవ్వాడు. ఈ ఇంట్లో అన్నీ పది నిమిషాలు ముందుంటాయట. బడి గంటకు ఒక్కనాడూ ఆలస్యం కాలేదట, పెట్టెలో గడియారమైనా సరే ముందే ఉండాలట.

తర్వాత షెడ్డులోకి వెళ్లారు. తడి ఇనుము వాసన. పగిలిన దీపం గుడ్డికన్నులా చూస్తోంది. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు దేన్నీ ముట్టుకోవద్దని హెచ్చరించి మరీ తలుపు తీశాడు. నిదానం గారు కారు అద్దంలోంచి లోపలి ముళ్ల గడియారాన్ని చాలాసేపు చూసి, ఇన్‌స్పెక్టరు చేత కూడా చూపించి, అది చూపిస్తున్న టైము రాసుకోమన్నాడు. టైపిస్టు కూడా చూసింది. తన వాచీ వంక చూసుకుంది. ఆ వెంటనే మాస్టారి ఇంటి వైపు తల తిప్పింది.

మర్నాడు నిదానం గారు అందర్నీ అదే షెడ్డు ముందుకు పిలిపించాడు. నర్సమ్మ, మాస్టారు, ఇన్‌స్పెక్టరు వచ్చారు. బుర్రమీసాల బ్రోకరును గేటు దగ్గరే నిలబడమన్నాడు. పోలీసుల చేతనే బ్యాటరీ తీగ తీయించి, నర్సమ్మతో అన్నాడు.

“అమ్మా, ఇప్పుడే ఊరినుంచి దిగారనుకోండి. అక్కయ్య దగ్గరికి వెళ్లాలి. ఎలా వెళ్తారో వెళ్లండి.”

ఆవిడ తీగ తగిలించింది. కారెక్కి కూర్చుంది. కళ్లనిండా నీళ్లు. కానీ ఇంజను స్టార్టు చెయ్యకముందే చెయ్యి తనంతట తనే గడియారం మీదికి పోయింది, ముళ్లు గిర్రున తిప్పి భర్త ఉన్న దేశపు టైములో ఆపింది. తానేం చేసిందో ఆవిడ చూసుకోనేలేదు.

“చూశారుగా,” అన్నాడు నిదానం గారు. “మతి మరిచినా చెయ్యి మరవదు. ఆ సాయంత్రం ఈవిడే, నిద్రలోనో మగతలోనో, ఈ బండి తీసి ఉంటే గడియారం అక్కడి టైములో ఉండాలి. నిన్న ఇన్‌స్పెక్టరు గారు రాసుకున్నది అది కాదు, ఇక్కడి టైమే. అదీ సరిగ్గా పది నిమిషాలు ముందు.”

మాస్టారు చెయ్యి జేబులోని గడియారం మీదికి పోయి, అక్కడే ఆగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు.

“మాస్టారూ, గేటు దగ్గర ఎవరు?” అని అడిగాడు నిదానం గారు.

“మీ టైపిస్టమ్మాయేగా,” అన్నాడాయన.

బ్రోకరు మీసం తడుముకుంటూ ముందుకొచ్చాడు. టైపిస్టు మాస్టారి వెనకే ఉంది. పట్టపగలు గేటు దగ్గరి మీసాలు ఆనని మనిషి, వానలో, మసక వెలుతుర్లో, పోతున్న కారులో నర్సమ్మను ఎలా చూశాడో ఎవరూ అడగలేదు. బ్రోకరు తన వంతు మాట చెప్పాడు. బండి ఇచ్చిన రోజున రెండు తాళంచెవులూ హామీ ఉన్న మాస్టారి చేతికే ఇచ్చాడు. షెడ్డు తాళం మారుచెవి ఎటూ ఇంటి యజమానిదే. చూపు ఆనడం లేదని మాస్టారి లైసెన్సు రద్దు చేసి మూడేళ్లవుతోందని ఇన్‌స్పెక్టరు అప్పుడు చెప్పాడు.

మాస్టారు షెడ్డు తలుపు పట్టుకుని నిలబడి అంతా చెప్పేశాడు. ఆవిడ లేని నెలల్లో బండి తీసి తిరిగేవాడు. చవుడుబారిన బతుకులో అదొక్కటే సరదా. ఆ రోజు ఆవిడ వచ్చిందని తెలియదు. పేపరాయన కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. ఇంటికొచ్చి చూస్తే మెట్ల దగ్గర ఆవిడ చెప్పులు.

నర్సమ్మ కారు దిగి ఆయన ఎదురుగా వచ్చింది.

“నాకు మతిపోతోందని రోజూ పాలిచ్చి మరీ ఎందుకు చెప్పారు మాస్టారూ?”

ఆయన తలెత్తలేదు. “మీరు నమ్ముతారనిపించింది. అక్కయ్య సంగతి నాకు తెలుసు కదా.”

 ఇన్నాళ్లూ ఆ పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కిన ఆ అడుగుల చప్పుడు తలచుకుని టైపిస్టు మాస్టారి వెనక నుంచి దూరంగా జరిగింది. నర్సమ్మ మాత్రం ఆయన్ని తిట్టలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, పేపరాయన ఎలా ఉన్నాడని అడిగింది. ఆస్పత్రిలో పొద్దున కళ్లు తెరిచాడని, సైకిలేదని అడిగాడని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. మాస్టారు ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా అడగని ప్రశ్న అది. అప్పుడు ఏడ్చిందావిడ, గట్టిగా.

కారును పోలీసులు ఉంచేసుకున్నారు. టైపిస్టే ఆవిడను టాక్సీలో ఆశ్రమానికి తీసుకెళ్లింది. కిటికీ దగ్గర మంచం మీద పెద్దావిడ కూర్చుని ఉంది. చెల్లెల్ని ఎగాదిగా చూసి, “ఎవరమ్మా నువ్వు?” అంది.

నర్సమ్మ మంచం అంచున కూర్చుంది. రేగిన ముడి ఊడి వీపు మీద పడింది. పెద్దావిడ విసుక్కుంటూ దగ్గరికి జరిగి, ఆ నెరిసిన జుట్టు చేతుల్లోకి తీసుకుని మూడు పాయలు చేసింది. బడికి పంపే పిల్లకు వేసినట్టు, నొప్పి పుట్టేంత బిగించి జడ అల్లుతూ, కదలకుండా కూర్చోమని కసిరింది.