కొంగపిల్ల వీపు మీద మూడు వాక్యాలు

డబ్బింగు మాటలు రాసే మాకో పాడు అలవాటుంది. పాత్ర వెనక్కి తిరిగితే పెదాలు కనపడవు కదా, ఆ సందులో ఓ డైలాగు కుక్కేస్తాం. ఓ చైనా యానిమేషన్ సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌లో నేనూ అదే చేశాను.

అందులో హీరోయిన్ వెయ్యేళ్ల కొంగ. అమ్మాయిగా మారి ఓ మామూలు మనిషిని ప్రేమిస్తుంది. మేం ముద్దుగా కొంగపిల్ల అంటాం. అతని ప్రాణం కోసం తన జ్ఞాపకాలన్నీ వదులుకుని, మంచు వంతెన మీద వీపు తిప్పి నిలబడుతుంది. అంత ఖాళీ వీపు దొరికితే రచయితన్నవాడు ఊరుకుంటాడా? మూడు వాక్యాలు రాసి పారేశాను.

కొంగపిల్లకు గొంతిచ్చే అమ్మాయి మైకు ముందు నిలబడి, ఇవి చెప్పనంది.

నాకు ఒళ్లు మండింది. అసలే ఆ రోజు నా మనసు మనసులో లేదు. సీరియల్ అయిపోతే ఆమెకిక మా స్టూడియోతో పని లేదు. నేనేమో మొదటి ఎపిసోడ్ నుంచీ ఆమెను ప్రేమిస్తూ, ఆ ఒక్క ముక్క తప్ప లోకంలోని ముక్కలన్నీ వాగుతూ వచ్చాను.

డైలాగు లేకపోతే చూసేవాళ్లకి ఏం అర్థమై చస్తుందని అడిగాను. ఆమె సౌండ్ ఆపించి, ఉత్తి బొమ్మ చూడమంది.

చూశాను. వెనక్కి చాచిన కొంగపిల్ల చెయ్యి అతని అంగీ అంచును పట్టుకుని ఉంది. ఒక్కో జ్ఞాపకం పోతుంటే ఒక్కో వేలు జారింది. చివరికి చిటికెన వేలు మిగిలింది. అదీ వదిలాక, ఇది ఎవరి చెయ్యో అన్నట్టు తన చేతినే చూసుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. ఏసీ గాలి కళ్లకు కొడుతోందని బుకాయించి, ఆ మూడు వాక్యాలూ నేనే కొట్టేశాను.

రికార్డింగ్ ముగిసింది. ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. పాఠం వంటబట్టింది కదా అని, తలుపు దగ్గర నిలబడి, మాటా పలుకూ లేకుండా హృదయమంతా కళ్లలోకి తెచ్చుకుని చూశాను.

"కడుపునొప్పా?" అంది.

కాదన్నట్టు ఇంకాస్త లోతుగా చూశాను.

"బాబూ, అక్కడ ఒక్క చూపు గీయడానికి బోలెడుమంది ఆర్టిస్టులున్నారు. మీది ఉత్త మొహం. అందులో నాకేం కనపడట్లేదు. నోరు తెరిచి చెప్పండి."

నోరు తెరిచాను. "మీరంటే నాకు ప్రాణం. రేపట్నుంచి మీరు రారనుకుంటే ఈ గదిలో అడుగు పెట్టాలనిపించట్లేదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బ్యాగు తీసి మళ్లీ కుర్చీలో పెట్టింది.

"రెండో ఎపిసోడ్‌కే చెబుతారనుకున్నాను," అంది. "మా నాన్న దగ్గర కూడా ఇలాగే నోటితో చెప్పండి. ఆయనకసలే చూపు ఆనదు."