వార్త చెప్పే గది

ఉదయం గోడలు కదలడం మొదలుపెట్టాయి. కాకినాడ తీరాన ఉన్న ఆ భవనంలో, 2074 నాటికి, ఏ గదికీ స్థిరమైన ఆకారం లేదు. గోడలు పట్టాల మీద జరుగుతాయి. కప్పు దిగుతుంది, లేస్తుంది. కిటికీలకు బదులు కాంతిఫలకాలు ఉంటాయి. అవి ఏ వేళ వెలుగునైనా, ఏ ఋతువు వెలుగునైనా ఇస్తాయి. గది సర్దుకునేదాకా యశస్విని బయట బల్ల మీద మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది.

"ఒక్కరే వచ్చారు. తల్లి," అంది గోడలోంచి సూత్రి అనే యంత్రం. "సూరాడ నూకరత్నం. ఉప్పాడ. కొడుకు లోవరాజు గనిలో వెల్డరు. శవం దొరకలేదు."

"సరే," అని యశస్విని లేచింది.

బంగాళాఖాతం అడుగున ఖనిజాలు తవ్వుతున్న సంస్థకు ఆ భవనం సొంతం. కింద ప్రాణం పోయినప్పుడల్లా ఇంటివాళ్ళను పిలిపించి వార్త చెప్పడం యశస్విని ఉద్యోగం. అంతకు ముందు ఆమె సినిమా దర్శకురాలు.

సూత్రి పూర్తి పేరు దృశ్యసూత్రి. స్టూడియోల్లో దాన్ని సీన్ ఇంజిన్ అనేవారు. డాక్టర్ ప్రణీత్ దాన్ని సినిమాల కోసమే తయారుచేశాడు. హాల్లో ప్రేక్షకుల కనుపాపలనూ ఊపిరినీ నాడినీ కొలిచి, ఏ దృశ్యం ఎందుకు గుండెను పట్టుకుంటుందో అది నేర్చుకుంది. ఒకరు నిలబడి, ఇంకొకరు కింద కూర్చుంటే మాట లేకుండానే బలం ఎవరిదో తెలిసిపోతుంది. మనిషి గుమ్మంలో ఆగి, వెలుగు వెనక నుంచి పడి ముఖం చీకట్లో ఉంటే, చూసేవాళ్ళకు కీడు తోస్తుంది. ఇద్దరి మధ్య ఖాళీ నేల పెరిగేకొద్దీ వాళ్ళ బంధం పలచబడినట్టు ఉంటుంది. యశస్విని ఏళ్ళ తరబడి సెట్టు మీద కుర్చీలు జరిపి, నటుల్ని అడుగు ముందుకీ వెనక్కీ నడిపించి కనుక్కున్న సంగతులను సూత్రి ఒక్క లెక్కలో తేల్చేసేది. అన్ని సినిమాల్లోనూ జనం ఒకే చోట ఏడవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు విసుగెత్తి హాళ్ళకు రావడం మానేశారు. స్టూడియోలు మూతపడ్డాయి. యంత్రాన్నీ, ప్రణీత్‌నీ, యశస్వినినీ గనుల సంస్థ తీసుకుంది.

ఇక్కడ సూత్రి పని తలకిందులైంది. ఏడిపించే అమరిక తెలిసినదానికి ఏడిపించని అమరికా తెలుస్తుంది. గుండ్రని బల్ల. అందరికీ ఒకే ఎత్తు కుర్చీలు. నీడ పడని మెత్తని వెలుగు. గుమ్మం కంటికి కనపడదు. చెప్పేవాళ్ళు ఎదురుగా కాక పక్కన కూర్చుంటారు. అలా చెబితే ఎంత పెద్ద వార్తైనా మనసులోకి నిదానంగా దిగుతుందనీ, గుండె ఆగిపోయే ప్రమాదం ఉండదనీ ప్రణీత్ నమ్మకం.

యశస్విని నూకరత్నం పక్కన కూర్చుని చెప్పింది. నూకరత్నం విన్నది.

"అలాగాండి," అంది. మంచినీళ్ళు తాగింది. "ఉప్పాడ బస్సు ఇక్కడ ఆగుద్దాండి, మెయిన్ రోడ్డు దాకా ఎల్లాలా?"

"ఇక్కడే ఆగుతుందమ్మా."

ఆమె వెళ్ళిపోయాక సూత్రి అంది: "నాడి మామూలుగా ఉంది. సన్నివేశం విజయవంతం."

తర్వాతి కుటుంబం కోసం గోడలు మళ్ళీ కదిలాయి.

వర్షాలు తగ్గాక నూకరత్నం మళ్ళీ వచ్చింది. ఎవరూ పిలవలేదు. బయట బల్ల మీద యశస్విని పక్కనే కూర్చుంది.

"మేడంగోరూ, ఆవేళ మీరు సెప్పింది నాకు తగల్లేదండి."

"తగలకపోవడం ఏమిటమ్మా?"

"ఇంటికెల్లి పులుసెట్టుకున్నాను. తిన్నాను. నిద్దరోయేను. పెద్దకర్మా సేసేను. కళ్ళల్లో నీటిసుక్క లేదండి. నా కడుపున పుట్టినోడు పోతే నేనేటండీ, రాయినా? పొద్దున్న లేత్తే ఆడి కంచం తీసి పెడతన్నాను. పోయేడని తెలుసు. తెలిసీ పెడతన్నాను." ఆమె కొంగు నలిపింది. "ఇంకోపాలి సెప్పండి. సరిగ్గా సెప్పండి."

యశస్విని ప్రణీత్ గదికి వెళ్ళింది. ఆయనకు డెబ్బై దాటాయి. తెర ముందు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అదే అమరికను తిరగేసి పెట్టమంటారా?" అన్నాడు అంతా విని. "ఆమెకేమైనా అయితే?"

"అయ్యే ఉంది డాక్టరుగారూ. మనం తగలనివ్వలేదు, అంతే."

"సంస్థ ఒప్పుకోదు."

"నేను అడగబోవడం లేదు."

ఆయన కళ్ళు తెరిచి తెర వైపు చూశాడు. "నేను గుండె ఆగకూడదని చూశాను," అన్నాడు. "మీరు చెప్పేది కూడా నిజమే కావచ్చు. నాకు వాదించే ఓపిక లేదమ్మా. కానివ్వండి."

సూత్రికి చెప్పగానే గోడలు వెనక్కి జరిగాయి. గది పొడుగ్గా, బోసిగా తయారైంది. ఒక చివర నూకరత్నానికి పొట్టి కుర్చీ. ఆమె పక్కన ఖాళీ కుర్చీ ఒకటి. ఇంకో చివర తెరిచిన గుమ్మం, దాని వెనక ముసురు పట్టిన పగటి వెలుగు.

"లోవరాజు హెల్మెట్ ఏదైనా పట్టుకోనా?" అని అడిగింది యశస్విని.

"వద్దు," అంది సూత్రి. "వస్తువుంటే చూపు దాని మీదికి పోతుంది. ఖాళీ చేతులతో రండి. గుమ్మంలో ఆగండి. మీరు కదలకండి. ఆమెనే లేవనివ్వండి."

యశస్విని గుమ్మంలో ఆగింది. ముఖం చీకట్లో ఉంది. ఇలాంటి షాట్లు ఎన్ని తీసిందో ఆమెకు లెక్క లేదు. గుమ్మంలో తను నిలబడటం మాత్రం ఇదే మొదలు. నూకరత్నం తలెత్తి చూసింది. పక్కనున్న ఖాళీ కుర్చీని చూసింది. మెల్లగా లేచి నిలబడింది. యశస్విని ఒక్క మాటా అనకముందే, "ఓరి నా తండ్రీ!" అని నేల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.

పోయేటప్పుడు యశస్విని చేతులు పట్టుకుంది. "మీ రుణం ఉంచుకోనండి," అంది. ఆ పూట యశస్వినికి చాలా కాలం తర్వాత ఒంట్లో బరువు కొంత దిగినట్టు అనిపించింది.

మాట పాకింది. గని వల్ల పిల్లల్ని, మొగుళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మళ్ళీ చెప్పమన్నారు. యశస్విని రోజంతా గుమ్మంలో నిలబడుతోంది. సంస్థవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఏడ్చి వెళ్ళినవాళ్ళు దావాలు వేయడం లేదని వాళ్ళకు అర్థమైంది.

ఒక ఆదివారం నూకరత్నం మూడోసారి వచ్చింది. ఈసారి వెంట ఆడపడుచు సత్యవేణి ఉంది.

"మళ్ళీ రాలేదా ఏడుపు?" అని అడిగింది యశస్విని, భయంగా.

"అయ్యో, వచ్చిందండి. కానీ నేనేడ్చింది ఎవరు సూసేరు? మా ఈదిలో అందరూ నన్ను రాయనే అంటన్నారు. ఈవిడా అంటంది." ఆడపడుచు తల దించుకుంది. "ఈవిడ ముందర ఒకపాలి సెప్పండమ్మా. మీకు పున్నెం ఉంటాది."

యశస్విని కాదనలేకపోయింది. ఖాళీ కుర్చీలో సత్యవేణిని కూర్చోబెట్టారు. నూకరత్నం తన చోట కూర్చుంది. అటూ ఇటూ చూసింది. లేచింది. ఆడపడుచు కుర్చీని రెండు చేతులతో లాగి, ఏటవాలుగా, తన ముఖం బాగా కనపడే చోట పెట్టింది.

"ఈ స్థానం నా లెక్కలో లేదు," అంది సూత్రి. "మార్చనా?"

యశస్విని గుమ్మంలోంచి చూసింది. కుర్చీ అక్కడికి జరిగాక దృశ్యం నిండుగా ఉంది. తన సినిమాల్లో కెమెరా ఉండేది సరిగ్గా అక్కడే.

"వద్దు," అంది.

నూకరత్నం కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గుమ్మం వైపు తల ఊపింది. "ఇంక రండి మేడంగోరూ."

యశస్విని వచ్చింది. నూకరత్నం ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు. సత్యవేణి కాసేపు చూసి, "వదినా!" అని లేచి వెళ్ళి కావలించుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే యశస్వినిని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మెల్లగా బయటికి నడిచింది.

కార్తీకం దాటేసరికి ఒంటరిగా వచ్చేవాళ్ళు లేరు. తోడల్లుళ్ళు, పినతల్లులు, వీధివాళ్ళు వ్యాన్లలో దిగేవారు. అందరూ పట్టేలా గోడలు చివరిదాకా వెనక్కి పోయాయి. సూత్రి కుర్చీలను వరసలుగా వేసి, వెనక వరసల కింద నేలను కొంచెం కొంచెం ఎత్తు పెంచింది. ప్రణీత్ ఆ నమూనాను తెర మీద చూసి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఒక రోజు ఒక తండ్రికి వార్త చెప్పాలి. యశస్విని వెళ్ళి గుమ్మంలో ఆగింది. కాళ్ళు లాగుతున్నాయి. దూరంగా ముందు కుర్చీలోని ముసలాయన లేవబోతున్నాడు. ఆయనకు ఏటవాలుగా వేసిన వరసల చీకట్లోంచి ఒక ఆడగొంతు వినపడింది.

"కాస్త తల పక్కకి పెట్టండి, మాకు ఆయన కనపట్టం లేదు."