నీళ్లు ఇంకా రాలే

శ్రీరాంపూర్‌లో ఎవరినైనా అడగండి, శంకరవ్వ సందు ఎక్కడో చూపిస్తారు. రాత్రి పదకొండు దాటాక అడిగితే మాత్రం చూపించరు. "గటు పోకు" అని తలుపేసుకుంటారు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ లేదు. ఏడాదిగా తాళమేసి ఉన్న రెండు గదుల స్లాబు ఇల్లు. దాని వెనక గోడ ఆ సందులోకి వస్తుంది. గోడకు కిటికీ, కిటికీ మీద సజ్జ, సజ్జ మీదుగా వంగి కిందికి దిగిన ఒక తెల్ల పైపు. ఏసీ నీళ్లు పోయే పైపు, అంతే.

ఆ పైపు కింద రాత్రిపూట ఒక ఆడమనిషి మాట్లాడుతుందని పేరు. మనిషి కనపడదు. మాటే... పక్కన నిలబడి మెల్లగా చెప్పినట్టు —

"నీళ్లు ఇంకా రాలే బిడ్డా."

షిఫ్ట్ దిగి వస్తున్న ఇద్దరు విన్నారు. పెళ్లి భోజనం చేసి వస్తున్న ఐలవ్వ విన్నది, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. తెల్లారి ఆ చెప్పులు తెచ్చుకోవడానికి కూడా మనిషిని తోడు తీసుకుపోయింది. ఏడాది కింద ఆ ఇంట్లోనే చనిపోయిన శంకరవ్వకు ప్రాణం పోయేటప్పుడు దాహమై ఉంటుందని, గొంతు తడిపేవాళ్లు లేక అట్లా తిరుగుతోందని మా వాడవాళ్లు తేల్చేశారు. మా వాడలో ఏ సంగతి తేల్చడానికైనా ఒక్క చాయ్ చాలు.

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. కానీ ఇది నాకు చెప్పినవాడు శ్రీహరి. అతను అబద్ధాలాడడు. ఒక్కసారి ఆడాడు, దాని సంగతే ఇది.

శ్రీహరి ఏసీలు బిగిస్తాడు. రోజూ బెల్లంపల్లి నుంచి బండి మీద వస్తాడు. ఒక సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఎవరో ఐలవ్వ చెప్పుల కథ చెప్పుకుని నవ్వుతున్నారు.

"ఇంతకు గామె ఏమంటదట?" అని వాళ్లలో ఒకడు అడిగాడు.

"నీళ్లు ఇంకా రాలే బిడ్డా అంటదట."

శ్రీహరి గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకంటే ఆ మాట శంకరవ్వ చచ్చాక కొత్తగా అన్నది కాదు. బతికుండగా అతనితోనే అన్నది.

కిందటేడు మే నెల. శంకరవ్వ భర్త సిద్దిరాములు బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. బాయి లోపల ఊరే నీళ్లను పైకి తోడించడం ఆయన పని. రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున వచ్చి పడుకుంటే ఆ ఎండలకు కన్ను మూతపడేది కాదు. ఎర్రబడ్డ కళ్లతోనే మళ్లీ బాయి దిగేవాడు. ఆ నిద్రమత్తులో ఏ మిషన్‌లో చెయ్యి పెడతాడోనని శంకరవ్వకు ఒకటే భయం. పట్టుబట్టి ఏసీ కొనిపించింది.

ఏసీ బిగించాక ఒక పరీక్ష ఉంటుంది. గదిలో ఉండే డబ్బా మూత తీసి, లోపలి తొట్టిలో చెంబెడు నీళ్లు పోస్తారు. అవి పైపులోంచి బయటపడితేనే పని అయినట్టు. ఒకరు లోపల పోయాలి, ఒకరు బయట చూసి చెప్పాలి. ఆ రోజు శ్రీహరి ఒక్కడే వచ్చాడు. అందుకని శంకరవ్వే వెళ్లి ఎండలో పైపు కింద నిలబడింది.

"పోసిన అవ్వా. వచ్చినయా?"

"నీళ్లు ఇంకా రాలే బిడ్డా."

ఎట్లా వస్తాయి? తెచ్చిన పైపు పొట్టిదైంది. సజ్జ చుట్టూ తిప్పడానికి చాలక, దాన్ని జానెడు పైకెత్తి సజ్జ మీదుగా అవతలికి దించాడు. నీళ్లు ఎత్తు ఎక్కవని శ్రీహరికి తెలియక కాదు. ఇంకా రెండిళ్ల పని ఉంది, ఫోన్ మోగుతూనే ఉంది...

"వస్తయ్ తియ్యవ్వా. జర టైం పడ్తది."

అతను ఆడిన అబద్ధం అది.

రెండు పొద్దులు సిద్దిరాములు చల్లగా పడుకున్నాడు. ఆయన మంచమెక్కగానే శంకరవ్వ తలుపు దగ్గరికి వేసి "ఇగ పండుకో" అనేదట. ఆ రెండు రోజుల్లోనే శ్రీహరికి రెండుసార్లు ఫోన్ చేసింది. గోడ వెంట నీళ్లు కారుతున్నయ్ బిడ్డా, జర వచ్చి చూడు అని. రేపొస్త అన్నాడు. రెండుసార్లూ రేపే అన్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున, భర్త వచ్చేసరికి గది చల్లబడాలని ఆమె ముందుగానే ఏసీ వేసింది. కాసేపాగి, పక్క సర్దడానికి చీకట్లోనే లోపలికి పోయింది. గచ్చంతా నీళ్లు. కాలు జారింది, తల మంచం కోడుకు తగిలింది. సిద్దిరాములు వచ్చేసరికి గది చల్లగా ఉంది, శంకరవ్వ లేదు.

శ్రీహరిని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి మోయలేనంత బరువైంది. సిద్దిరాములు ఆ ఇంటికి తాళమేసి నస్పూర్‌లో తమ్ముడింటికి పోయాడని విన్నాడు. ఆ సందు వైపు ఏడాదిపాటు బండి తిప్పలేదు.

హోటల్లో ఆ మాట విన్న రాత్రే పోయాడు. రంపం, క్లాంపులు, కొత్త పైపు పట్టుకుని... ఏడాది ఆలస్యంగా.

పన్నెండు కావస్తోంది. సందులో దీపం లేదు. కుక్క కూడా లేదు. పైపు కింద నిలబడి పైకి చూశాడు — అదే ఎత్తు, తను పెట్టిందే.

అప్పుడు ఇంటి లోపల చప్పుడైంది.

తాళమేసిన ఇంట్లో ఎవరో నీళ్లు పోస్తున్నారు... మెల్లగా... చెంబు వంచినట్టు... ఆగింది.

అతని భుజం పక్కనే —

"నీళ్లు ఇంకా రాలే బిడ్డా."

గొంతు ఆమెదే. పక్కకు చూస్తే ఎవరూ లేరు.

"ఉరుకుదామనే అనిపించిందన్నా," అన్నాడు శ్రీహరి నాతో. "కాని అప్పుడు కూడ గట్లనే ఉరికిన గద."

ఉరకలేదు. గోడకు నుదురు ఆనించి, గుసగుసగా అన్నాడు. "జరాగు అవ్వా. ఇప్పుడే చేస్త."

ఫోన్ లైటు పళ్ల మధ్య పట్టుకుని, ఇటుకలు పేర్చి ఎక్కాడు. ఎత్తిన ముక్కను కోసి తీసేశాడు. కొత్త పైపు సజ్జ చుట్టూ తిప్పి, వాలు చూసి, క్లాంపులు కొట్టాడు. మనిషంతా చెమట. లోపల మళ్లీ చెంబు వంగిన చప్పుడు...

ఒక చుక్క. ఇంకో చుక్క. ఆ తర్వాత సన్నటి ధారగా నీళ్లు అతని పాదాల మీద పడ్డాయి.

"వచ్చినయ్ అవ్వా," అంటూ అక్కడే కూలబడి ఏడ్చాడు.

కిటికీ తెరుచుకుంది. టార్చి వెలుగు అతని ముఖం మీద పడింది. ఊచల వెనక, చేతిలో చెంబుతో — సిద్దిరాములు.

దెయ్యం కాదు. బాయి బట్టల్లో ఉన్న బతికున్న మనిషి.

"ఎవరది?"

"నేను కాకా... శ్రీహరిని. ఏసీ పెట్టినోణ్ని."

శ్రీహరి ముందు వీధిలోంచి తిరిగి లోపలికి పోయాడు. గోడ పైనుంచి కిందిదాకా తడి మరక. కింద గచ్చు తుడవడానికి మడతపెట్టిన శంకరవ్వ పాత చీర. శ్రీహరి ఏదీ దాచకుండా చెప్పాడు. పొట్టి పైపు, రెండు ఫోన్లు, రెండుసార్లూ రేపొస్తనన్న మాట. సిద్దిరాములు తల వంచుకుని విన్నాడు.

"ఎరికే. ఆమె ఫోన్ల నీ నంబరు చూసిన."

"మరి నన్నెందుకు ఏమనలే కాకా?"

"నాకు సుత చెప్పింది, గోడ కారుతున్నదని. ఆదివారం చూస్త అన్న. బాయి నీళ్లన్ని తోడేటోణ్ని... ఇంట్ల నీళ్లు తోడలే."

శ్రీహరి తడి గోడ మీద చెయ్యి పెట్టాడు.

"నేను పైపు ఎత్తున కట్టిన కాకా. అందుకే..."

"పంపుకాడ పనిచేసేటోనికి గది తెల్వదా బిడ్డా?" అన్నాడు సిద్దిరాములు. "ఎప్పుడో చూసిన. కావాల్నని ఇడిసిపెట్టిన. రాత్రి పదకొండింటికి రెండో షిఫ్ట్ దిగినంక దినాం ఈడికొస్త. చెంబెడు నీళ్లు పోస్త. బయటికెంచి రాలే అంటది. గా గొంతు ఇని, గచ్చు తుడిచి పోత. ఇయ్యాల సందుల చప్పుడైతే ఆమెనే అనుకొని మళ్ల పోసిన." చెంబును ఇటూ అటూ తిప్పాడు. "బిడ్డా అనేది నన్ను కాదు, నిన్ను. అయినా గొంతు ఆమెదే గద... ఇప్పుడు నీళ్లు వచ్చినయ్. ఇగ ఎందుకు మాట్లాడ్తది?"

తను చేసిందేమిటో శ్రీహరికి అప్పుడు అర్థమైంది. ఏడాది కింద మనిషిని తీశాడు, ఇప్పుడు ఆ ఒక్క మాట కూడా తీశాడు.

"పాత ముక్క బయటనే ఉన్నది కాకా. మళ్ల ఎత్తి కడ్త."

సిద్దిరాములు చాలాసేపు గోడ మీది మరకను చూశాడు.

"వద్దు," అన్నాడు చివరికి. "ఏడాది సంది నిలబెట్టిన ఆమెను గా సందుల."

చెంబు నింపి, స్టూలెక్కి, తొట్టిలో పోశాడు. బయట నేల మీద నీళ్లు పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇద్దరూ లోపలే ఉన్నారు. సందులో ఎవరూ లేరు. ఇద్దరూ కిటికీ వైపే చూస్తున్నారు...

ఏమీ లేదు.

సిద్దిరాములు స్టూలు దిగాడు. చీర చేతిలోకి తీసుకున్నాడు. తుడవడానికి ఈసారి గచ్చు మీద నీళ్లు లేవు. ఆ చీరను ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు, కిటికీ అవతల —

"వచ్చినయ్..."

ఒక్క క్షణం ఆగింది. ఈసారి బిడ్డా అనలేదు.

"ఇగ పండుకో."

సిద్దిరాములు చీర గుండెకు పెట్టుకుని ఆ మంచం మీదే పక్కకు తిరిగి పడుకున్నాడు. శ్రీహరి ఏసీ వేసి, తలుపు దగ్గరికి వేసి, గడప మీద కూర్చున్నాడు. తెల్లారేదాకా ఆ పైపు నీళ్లు చుక్కచుక్కగా బయటే పడ్డాయి.